తీగ మన మీదుగా పోతోంది, పేరు రిజిస్టర్‌లో ఉందా?

(ఆత్మకూరులో ఐటీఐ చదువుతున్న మన పిల్లల ముందు, వాళ్ల అమ్మానాన్నల ముందు మాట్లాడిన మాటలు ఇవి. ఆ రోజు రాలేకపోయిన మీకోసం ఇక్కడ పెడుతున్నాం.)

నన్ను ఉద్యోగాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను కరెంటు గురించి చెప్తా. కర్నూలు, కడప జిల్లాల్లో ఈ రెండింటినీ విడదీసి మాట్లాడటం కుదరదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. డోన్ వైపు తండాలో పుట్టినా. పదో తరగతి అయినాక స్తంభాలు నాటే కాంట్రాక్టర్ల దగ్గర గుంతలు తవ్వినా, తీగ లాగినా, స్తంభం ఎక్కినా. తర్వాత ఐటీఐ చేసి, వైర్‌మేన్ ట్రేడు పాఠం చెప్పే పనిలో కుదురుకున్నా. నా దగ్గర చదివిన పిల్లలు కొందరు ఈరోజు లైన్‌మేన్లు. కొందరు ఇంకా గుంతలే తవ్వుతున్నారు. ఆ ఇద్దరి మధ్య తేడా చదువుది కాదు. కాబట్టే వచ్చినా మాట్లాడటానికి.

మీలో చాలామంది మొన్న మొన్ననే సోలార్ ప్లాంట్లు చూసి, రాయలసీమలో కరెంటు ఇప్పుడే పుట్టిందనుకుంటున్నారు. కాదు నాయనా. శ్రీశైలం డ్యాముకు 1963 జూలైలో నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేసినారు. కుడిగట్టు పవర్‌హౌసులో ఏడు యూనిట్లు, ఒక్కోటి 110 మెగావాట్లు, మొత్తం 770. తర్వాత ఎడమగట్టున ఆరు యూనిట్లు, 900 మెగావాట్లు. 2014లో రాష్ట్రం విడిపోయినాక ఎడమగట్టు తెలంగాణకు పోయింది, కుడిగట్టు మనకు మిగిలింది. అది లెక్క. ఆ లెక్క వెనక వంద దాకా ఊళ్లు నీళ్లకింద ఉన్నాయి. 1981లో ఊళ్లు ఖాళీ చేయించిన తీరు కర్నూలు పెద్దోళ్లను అడగండి, ఇంకా చెప్తారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, ఆలంపూరు తీసుకపోయి మళ్లీ నిలబెట్టినారు. మంచిపనే. గుడి రాళ్లకు ఉన్న జాబితా మనుషులకు ఉండిందా అనేదే నా ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ప్రభుత్వం కాగితం మీద జవాబు రాసింది. 1986 ఏప్రిల్ 15న వచ్చిన జీవో 98. ప్రాజెక్టులో ఇల్లూ భూమీ పోయిన కుటుంబంలో ఒకరికి ఉద్యోగం. ఈ నంబరు గుర్తు పెట్టుకోండి. శ్రీశైలం నిర్వాసితులు ఈ జీవో పట్టుకుని పిల్లలు పెద్దోళ్లయి, వాళ్లకు పిల్లలు పుట్టేదాకా తిరిగినారు. కొందరికి లష్కర్ పోస్టులు వచ్చినాయి, అదీ ధర్నాలు చేసి, నిరాహార దీక్షలు చేసి. చాలామంది వయసు దాటిపోయింది. "మరి ఆ జీవో వల్ల ఏం లాభం అన్నా" అని ఒక పిల్లోడు అడిగినాడు నన్ను. లాభం ఇదీ: ఇప్పటికీ వాళ్లు కలెక్టరాఫీసుకు పోతే చెయ్యి చాపి అడుక్కోరు, కాగితం తీసి చూపిస్తారు. జీవో లేని నిర్వాసితుడు ఏం చూపిస్తాడు?

ఆర్టీపీపీ సంగతి త్వరగా చెప్పి ముందుకు పోతా. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం కలమల్ల దగ్గర. 1994లో మొదటి యూనిట్ నడిచింది, 2018లో ఆరో యూనిట్, మొత్తం 1,650 మెగావాట్లు. బొగ్గు మన దగ్గర లేదు, రైలెక్కి వస్తుంది. జెన్‌కో ప్రభుత్వ సంస్థ కాబట్టి రెగ్యులర్ ఉద్యోగాలకు నోటిఫికేషన్, రోస్టర్, అన్నీ ఉంటాయి. దాని చుట్టూ కాంట్రాక్టు కూలి ఉంది, దానికి అవేవీ ఉండవు. ఇంకా బూడిద ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే ఆ బూడిద లారీల కోసం 2024లో జమ్మలమడుగు, తాడిపత్రి నాయకులు ఎట్లా తగువులాడుకున్నారో టీవీలో చూసే ఉంటారు. బూడిదకు కూడా పోటీ పడేవాళ్లున్నారు. ఆ పోటీలో మన లారీ ఒక్కటీ లేదు.

ఇప్పుడు గని. గడివేముల మండలం గని, ఓర్వకల్లు మండలం శకునాల, ఆ చుట్టుపక్కల 5,932 ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు. 2017లో పూర్తయింది. అప్పట్లో ఒకేచోట ఉన్న సోలార్ పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దదన్నారు. మెగావాట్‌కు దాదాపు ఆరెకరాలు, లెక్క మీరే వేసుకోండి. కడప వైపు గాలివీడు, మైలవరం దగ్గర ఇంకో పార్కు. 2015లో కర్నూలు పార్కుకు టెండరు యూనిట్ 4 రూపాయల 63 పైసలకు పోతే దేశమంతా ఆశ్చర్యపోయింది. 2017 ఏప్రిల్లో కడపది 3 రూపాయల 15 పైసలకు పడిపోయింది. రేటు తగ్గితే అందరికీ మంచిదే, కాదనను. ఆ పైసలు ఎక్కడ మిగిలినాయో కూడా చూడాల కదా. ఎండ మనది, నేల మనది, పలక బయటి నుంచి వచ్చింది, పెట్టుబడి బయటి నుంచి వచ్చింది. అందులో తగ్గించుకోగలిగేది కూలి ఒక్కటే.

సోలార్ ప్లాంటు కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది. నేల చదును చేయాల, కడ్డీలు పాతాల, పలకలు బిగించాల, కేబుల్ పూడ్చాల. ఏడాది, ఏడాదిన్నర. మన తండాల పిల్లలు పోయినారు, నాలుగు రూపాయలు చూసినారు. కట్టడం అయిపోయినాక? గేటు దగ్గర సెక్యూరిటీ, పలకలు కడిగే పని, గడ్డి కోసే పని. కంట్రోల్ రూములో కూర్చునేది కొద్దిమంది, వాళ్లు డిగ్రీ, డిప్లొమా తెచ్చుకున్నవాళ్లు. ఇది ఆ కంపెనీ చెడ్డది, ఈ కంపెనీ మంచిది అనే మాట కాదు. సోలార్‌లో తిరిగే యంత్రం లేదు, మండే బొగ్గు లేదు. ఎండ దానంతట అది పనిచేస్తుంది. కట్టినాక మనిషి అవసరం తక్కువ, అది దాని గుణం. ఆ గుణం తెలిసి కూడా వేదిక మీద "వేల ఉద్యోగాలు" అనడం దగ్గరే నాకు అభ్యంతరం.

భూమి ఉన్నోడికి కౌలు వస్తుంది, ఎకరాకు ఏడాదికి ముప్పై వేల పైచిలుకు. ఎండకు ఎండే చేనుకు అది తక్కువేం కాదు, ఇచ్చినోణ్ణి నేను తప్పుపట్టను. భూమి లేనోడి మాట ఏంది? కాగితంలో "బీడు" అని రాసిన నేలలో మన మేకలు మేసేవి. కంచె పడినాక మేకకు కౌలు ఎవరిస్తారు?

2022 మే 17న ఓర్వకల్లు మండలంలో ఇంకో శంకుస్థాపన జరిగింది. నీటిని పగలు సోలార్ కరెంటుతో పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి. పంప్డ్ స్టోరేజీ అంటారు. పిన్నాపురం ప్రాజెక్టు. నీటిది 1,680 మెగావాట్లు, సోలారూ గాలీ కలిపితే మొత్తం 5,230. ఇరవై మూడు వేల మందికి ప్రత్యక్షంగా, పరోక్షంగా ఉపాధి అని ప్రకటించినారు. ఆ శంకుస్థాపన జరిగిన చోటు పేరు తెలుసునా మీకు? గుమ్మితం తండా. మన తండా పేరు దేశంలోని పేపర్లన్నిట్లో వచ్చింది. నాకు సంతోషం వేసింది, అబద్ధం చెప్పను. ఆ తర్వాత నాలో ఉన్న పాఠాల పంతులు లేచినాడు: ప్రత్యక్షంగా ఎంతమంది, పరోక్షంగా ఎంతమంది? టీ అంగడి పెట్టుకున్నోడు కూడా "పరోక్షం"లో ఉంటాడు. జీతం రిజిస్టర్‌లో ఉన్నోడు మాత్రమే ప్రత్యక్షం.

ఇక్కడ చట్టం మాట ఒకటి. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో, గోదావరి ఏజెన్సీలో ఉండే మన సోదరులకు ఐదో షెడ్యూల్ ఉంది. 1/70 చట్టం ఉంది, 1997 సమత తీర్పు ఉంది. ఏజెన్సీ భూమిని గిరిజనేతరుడికి, ప్రైవేటు కంపెనీకి ఇవ్వకూడదని అడ్డం పడే ఆయుధాలవి. అవీ నిండుగా పనిచేస్తున్నాయని అనను. మన కర్నూలు, కడప జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. చెంచుల కోసం శ్రీశైలంలో ఐటీడీఏ ఉంది, నల్లమలలో చెంచు గూడేలున్నాయి, షెడ్యూల్ మాత్రం లేదు. 2019లో ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని రాష్ట్రం చట్టం చేసింది. బాగానే ఉంది, అయితే అలాంటి చట్టాన్నే హర్యానాలో 2023 నవంబరులో హైకోర్టు కొట్టేసింది. మన చట్టం మీదా కోర్టులో సవాలు ఉంది. దానికి తోడు "స్థానికుడు" అంటే తండావాడే అని అందులో ఎక్కడా లేదు.

అయితే మనకు ఏ తలుపూ లేదా? ఉంది. ఇన్నేళ్లు పాఠం చెప్పి నేను తెలుసుకున్నది ఇదే. కరెంటు తయారయ్యే చోట పని తక్కువ, అదీ కొంతకాలం. కరెంటు పంచే చోట పని ఎక్కువ, అదీ ఎప్పటికీ. గాలి వస్తే తీగ తెగుతుంది. ఎండాకాలం బోర్లన్నీ ఒక్కసారి ఆడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. ఎవరో ఒకరు స్తంభం ఎక్కాల. ఆ మనిషిని ముంబయి నుంచి తెప్పించుకోలేరు, ఊర్లోనే ఉండాల.

మన దగ్గర ఆ పని చేసేది ఎస్పీడీసీఎల్, తిరుపతి ఆఫీసు. 1999లో పాత ఎలక్ట్రిసిటీ బోర్డును ముక్కలు చేసినారు, 2000 ఏప్రిల్ నుంచి పంపిణీ కంపెనీలు వచ్చినాయి. కడప మొదటి నుంచీ తిరుపతి కింద ఉంది. కర్నూలు, అనంతపురం హైదరాబాదు కంపెనీ కింద ఉండి, 2014 జూన్‌లో తిరుపతికి వచ్చినాయి. కంపెనీ అని పేరు ఉన్నా ప్రభుత్వానిదే. కాబట్టి అక్కడ నోటిఫికేషన్ ఉంటుంది, రిజర్వేషన్ ఉంటుంది, సమాచార హక్కు ఉంటుంది. సోలార్ పార్కు గేటు దగ్గర ఈ మూడూ అడిగితే నవ్వుతారు.

2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు జూనియర్ లైన్‌మేన్ గ్రేడ్-2 అని, ఎనర్జీ అసిస్టెంట్ అని వేల పోస్టులు తీసినారు. పెద్ద చదువు అడగలేదు. పది, ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా వైర్‌మేన్. తర్వాత మూడు పరీక్షలు: స్తంభం ఎక్కాల, మీటరు రీడింగ్ చూడాల, సైకిలు తొక్కాల. చెప్పండి, చెంచు పిల్లోడికి స్తంభం ఎక్కడం ఎవరైనా నేర్పాల్నా? తేనె కోసం తాడు పట్టుకుని కొండ చరియలో వేలాడిన ఇంటి బిడ్డ వాడు. వాడు ఓడిపోయింది స్తంభం దగ్గర కాదు, పదో తరగతి మార్కుల మెమో దగ్గర. ఐటీఐ అడ్మిషన్ దగ్గర. కుల సర్టిఫికెట్ దగ్గర.

రోస్టర్ ఎట్లా పనిచేస్తుందో కూడా తెలుసుకోండి. ఎస్టీలకు ఆరు శాతం అంటాం. ఏళ్ల తరబడి నడిచిన వంద పాయింట్ల రోస్టర్‌లో మన పాయింట్లు 8, 25, 33, 58, 75, 83. అంటే ఒకచోట కొత్తగా రోస్టర్ మొదలుపెట్టి ఏడు పోస్టులు తీస్తే మనకు సున్నా. ఎనిమిదోది తీస్తేనే మన మనిషి. ఏడు దగ్గర ఆగిపోయి, మళ్లీ నోటిఫికేషన్ రాకుండా పదేళ్లు పోతే ఆరు శాతం అనే మాట గోడ మీద సున్నమే. రోస్టర్ రిజిస్టర్ ఎక్కడ ఆగింది అనేది అడగాల్సిన ప్రశ్న. ఎవరూ అడగరు. నేనూ ముప్పై ఏళ్లకు గానీ అడగలేదు.

ఇక చెప్పడానికి కష్టంగా ఉన్నది ఒకటుంది. ఏ జిల్లానో, ఎవరి పనిలోనో చెప్పను. నాకు తెలిసిన తండా పిల్లోడు, పందొమ్మిదేళ్లు. ఊర్లో ఫీజు పోతే వాణ్ణే పిలిచేవాళ్లు. స్తంభం ఉడుత మాదిరి ఎక్కేవాడు. పెద్దాయన కింద నిలబడేది, వీడు పైన పని చేసేది. నెలకు ఇంత అని చేతిలో పెట్టేవాళ్లు. "ఎప్పటికైనా పోస్టింగ్ ఇప్పిస్తా" అనేది మాట. ఒక సాయంత్రం లైను ఆఫ్ చేసినాం అనుకున్నారు, అవతల ఎవరో ఆన్ చేసినారు. లైన్ క్లియర్ కాగితం రాయలేదు, ఎర్త్ రాడ్డు వేయలేదు. వాడు పోయినాడు. తర్వాత అందరం అడిగింది ఒకటే: వాడు ఎవరి మనిషి? ఏ రిజిస్టర్‌లోనూ పేరు లేదు. వాడు తనంతట తానే ఎక్కినాడన్నారు. ఆ తల్లి నా దగ్గరికొచ్చి, "సార్, నా కొడుకు మూడేండ్లు పనిచేసినాడని రాసివ్వండి" అని అడిగింది. నేనేం రాసియ్యాల? నా దగ్గర ఏ ముద్ర ఉంది?

అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నా, ముఖ్యంగా తమ్ముళ్లకు. పేరు రాయించుకోకుండా స్తంభం ఎక్కొద్దు. ఎంత తెలిసినా ఎక్కొద్దు. లైన్ క్లియర్ కాగితం కళ్లతో చూడకుండా, ఏబీ స్విచ్ తెరిచింది నువ్వు చూడకుండా, రెండు వైపులా ఎర్త్ చేయకుండా తీగ ముట్టుకోవద్దు. "వీడికి ధైర్యం ఎక్కువ" అని మెచ్చుకునేవాడు నీ తల్లికి పింఛను ఇవ్వడు. ప్రమాదం జరిగితే 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు సమాచారం పోవాల. పోయిందా లేదా అని శవం లేవకముందే ఊరోళ్లు అడగాల. మీటరు పెట్టెలో చెయ్యి పెట్టే రైతన్నలకు కూడా ఇదే చెప్పండి.

గూడేల మాట. బైర్లూటి, నాగలూటి, పెచ్చెరువు నుంచి వచ్చినవాళ్లున్నారు ఇక్కడ. అడవిలోకి లైను వేయమంటే పులుల అభయారణ్యం అంటారు, ఫారెస్టు అనుమతి అంటారు. 2006 అటవీ హక్కుల చట్టం 3వ సెక్షన్‌లో రెండో ఉప సెక్షన్ చదవండి. బడి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు, ఇట్లా పదమూడు రకాల సౌకర్యాల కోసం అడవి భూమి ఇవ్వొచ్చని ఉంది. ఒక్కో పనికి హెక్టారు లోపు ఉండాల, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. ఆ పదమూడింట్లో కరెంటు లైను ఉంది. సోలార్ లాంటి సంప్రదాయేతర విద్యుత్ ఉంది. వృత్తి శిక్షణ కేంద్రం కూడా ఉంది! షరతు ఏందంటే గ్రామసభ సిఫారసు చేయాల. అంటే మొదటి సంతకం మీది. కేంద్రం 2023 నవంబరులో మొదలుపెట్టిన పీఎం జన్‌మన్‌లో కూడా చెంచుల వంటి తెగల ఇళ్లకు కరెంటు ఒక అంశం.

గ్రిడ్ లైను రాని చోట సోలార్ దీపాలు ఇస్తారు. ఇచ్చినరోజు ఫొటో తీస్తారు. మూడు నాలుగేళ్లకు బ్యాటరీ చస్తుంది. ఆ తర్వాత ఆ పలక మీద బియ్యప్పిండి వడియాలు ఎండబెట్టుకున్న ఇల్లు నేను చూసినా. నవ్వొద్దు, ఆ తల్లి తెలివైంది, ఎండకు పనికొచ్చే వస్తువును ఎండకే వాడుకుంది. బ్యాటరీ మార్చడం వచ్చిన పిల్ల ఒకతె ఆ గూడెంలో ఉండి, ఆమెకు నెలకు జీతం ఉంటే ఆ దీపం వెలుగుతూ ఉండేది. దీపాల లెక్కతో పాటు ఆ పిల్ల ఉద్యోగాన్ని కూడా గ్రామసభ తీర్మానంలో రాయండి. ఆడపిల్ల అని ఎందుకన్నానంటే మగపిల్లలు వలస పోతున్నారు, గూడెంలో ఉండేది వాళ్లే.

బయటి దేశం మాట ఒకటి చెప్తా, ఇది మన కథ మాదిరే ఉంటుంది. అమెరికాలో నవాహో అని ఆదివాసీ జాతి ఉంది. వాళ్ల భూమి మీద పెద్ద బొగ్గు కరెంటు కేంద్రం పెట్టినారు, 2,250 మెగావాట్లు. కరెంటు దూరపు నగరాలకు పోయేది. తీగలు వాళ్ల ఇళ్ల మీదుగా పోయేవి, ఇప్పటికీ వేల ఇళ్లల్లో కరెంటు లేదు. 2019 నవంబరులో ఆ కేంద్రం మూసేసినారు, ఉద్యోగాలు పోయినాయి. అయితే వాళ్లు 1959లోనే ఒక పని చేసి పెట్టుకున్నారు: సొంత కరెంటు సంస్థ. జాతి మండలిదే అది. 2017లో కయెంటా అనే చోట 27 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఆ సంస్థే సొంతంగా పెట్టింది, కట్టిన పనివాళ్లలో నవాహో పిల్లలే ఎక్కువ. మన గని ముందు 27 మెగావాట్లు చీమంత. కానీ అది వాళ్లది. ఆ కరెంటు డబ్బుతో మిగిలిన ఇళ్లకు తీగ లాగుతున్నారు, లాగేది వాళ్ల పిల్లలే. మనకు అంత అధికారం లేదు, తెలుసు. రాష్ట్రం ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ ఇళ్ల మీద ఉచితంగా సోలార్ పెడతామంటోంది. ఆ పలకలు బిగించే పనీ, బాగుచేసే పనీ ఆ తండా ఐటీఐ పిల్లలకే ఇవ్వమని అడగడానికి ఏ అధికారం కావాల?

2024 అక్టోబరులో వచ్చిన రాష్ట్ర క్లీన్ ఎనర్జీ విధానంలో ఏడున్నర లక్షల ఉద్యోగాలు అన్నారు. గండికోట దగ్గర ఒక పంప్డ్ స్టోరేజీ, అవుకు దగ్గర ఒకటి అంటున్నారు. ఇవి రావద్దని నేను అనడంలేదు. శంకుస్థాపన రాయి వేసేముందు జీవో 98 లాంటి కాగితం ఒకటి వేయమంటున్నా.

చివరగా పని. ఈ బల్ల మీద తెల్లకాగితాలు పెట్టినాం. సమాచార హక్కు దరఖాస్తు తెల్లకాగితం మీద చాలు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. ఎస్పీడీసీఎల్ సర్కిల్ ఆఫీసుకు ఒకటి: జూనియర్ లైన్‌మేన్ రోస్టర్ ఏ పాయింట్ దగ్గర ఆగింది, ఎస్టీ బ్యాక్‌లాగ్ ఎన్ని, రిజిస్టర్ నకలు ఇవ్వండి. కార్మిక శాఖకు ఇంకొకటి: ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో కరెంటు ప్రాజెక్టుల కాంట్రాక్టర్లు ఎవరు, ఎంతమంది పేర్లు చూపించినారు, పీఎఫ్ ఎంతమందికి కడుతున్నారు. ప్రైవేటు కంపెనీ మాకు వర్తించదు అంటుంది. చట్టం రెండో సెక్షన్ (ఎఫ్) చూపించండి: వేరే చట్టం కింద ప్రభుత్వ శాఖ తెప్పించుకోగల సమాచారం కూడా ఇవ్వాల్సిందే. జవాబుకు 30 రోజులు గడువు. రసీదు పోగొట్టుకోవద్దు.

గుమ్మితం తండా నుంచి వచ్చినవాళ్లు ముందు రండి, మొదటి కాగితం మీ చేత రాయిద్దాం. రాయడం రానివాళ్లకు మా ఐటీఐ పిల్లలు రాస్తారు. పెన్నులు ఎన్ని తెచ్చినారప్పా?